లోడ్‌సెల్ బ్రేక్ కొంటే ల్యాప్ టైమ్ తగ్గుతుందా? మోంజాలో టీ-ఎల్‌సీఎమ్ పెడల్స్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో, కంప్యూటర్‌లో కార్ రేసింగ్ గేమ్‌లు ఆడేవాళ్ల కోసం థ్రస్ట్‌మాస్టర్ చేసిన టీ-ఎల్‌సీఎమ్ పెడల్స్. ఇందులో బ్రేక్‌కు లోడ్‌సెల్ అనే సెన్సర్ ఉంటుంది. "అన్నా, లోడ్‌సెల్ కొంటే స్పీడ్ పెరుగుతుందా?" అని అడుగుతూనే ఉన్నారు. జవాబు ముందే చెప్పేస్తా. పెరుగుతుంది, కానీ మీరు అనుకునే చోట కాదు. బ్రేక్ ఇంకా ఆలస్యంగా తొక్కడం వల్ల వచ్చే లాభం చాలా చిన్నది. టైమంతా బ్రేక్ వదలడంలో ఉంది.

ముందు ఈ పెడల్ సంగతి. లాజిటెక్ జీ29 లాంటి సెట్లలో పొటెన్షియోమీటర్ ఉంటుంది. పెడల్ ఎంత దూరం కదిలిందో అది చూస్తుంది. లోడ్‌సెల్ అయితే మీరు ఎంత బలంగా తొక్కారో చూస్తుంది. మన కాలికి దూరం కంటే బలమే బాగా గుర్తుంటుంది. అందుకే ప్రతి ల్యాప్‌లో ఒకే రకంగా తొక్కడం సులువవుతుంది. 100 కిలోల బలం వరకు కొలుస్తుందని కంపెనీ లెక్క. భయపడకండి, సాఫ్ట్‌వేర్‌లో మీ కాలికి తగ్గట్టు తగ్గించుకోవచ్చు. బిగువు మార్చుకోవడానికి స్ప్రింగులూ ఇచ్చారు.

ఇక ట్రాక్ మీదికి పోదాం. గేమ్ అసెట్టో కోర్సా కాంపిటీజియోనే, కారు జీటీ3 (స్పోర్ట్స్ కార్లను రేసుకు మార్చిన తరగతి), ట్రాక్ ఇటలీలోని మోంజా. పొడవు 5.793 కిలోమీటర్లు. పొడవాటి స్ట్రెయిట్, దాని చివర గట్టి బ్రేకింగ్, మళ్లీ అదే. పెడల్ పరీక్షకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మొదటి షికేన్, అంటే అటూ ఇటూ వెంటవెంటనే తిరిగే ఇరుకు మలుపులు చూడండి. చాలా వేగంతో వచ్చి రెండో గేర్ వరకు దిగాలి. ఇక్కడ మన రోడ్డు అలవాటు దెబ్బకొడుతుంది. ట్రాఫిక్‌లో ముందు మెల్లగా తొక్కి, దగ్గరికొచ్చేకొద్దీ గట్టిగా తొక్కుతాం కదా? రేసింగ్‌లో సరిగ్గా తిరగేసి చేయాలి. కారు వేగంగా ఉన్నప్పుడే డౌన్‌ఫోర్స్, అంటే కారు మీది గాలి ఒత్తిడి, టైర్లను కిందికి నొక్కుతుంది. కాబట్టి గట్టి తొక్కుడు మొదట్లోనే. వేగం సగానికి పడితే డౌన్‌ఫోర్స్ నాలుగో వంతే మిగులుతుంది. అదే బలంతో తొక్కి ఉంచితే టైరు లాక్ అవుతుంది, లేదా లాక్ కాకుండా ఆపే ఏబీఎస్ గరగరలాడుతుంది. అంటే స్టీరింగ్ తిప్పకముందే కాలు కొంచెం కొంచెంగా తేలికవ్వాలి.

తిప్పడం మొదలయ్యాక అసలు పని. టైరుకున్న పట్టు ఒక్కటే. ఆపడానికీ, తిరగడానికీ అందులోంచే పంచాలి. స్టీరింగ్ ఎంత పెరిగితే బ్రేక్ అంత తగ్గాలి. దీన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. చాలామంది చేసేదేమిటంటే, మలుపు మొదట్లోనే బ్రేక్ ఒక్కసారిగా వదిలేస్తారు. అప్పటిదాకా ముందు టైర్ల మీదున్న బరువు వెనక్కి పోతుంది, ముక్కు పైకి లేస్తుంది, కారు తిరగదు. "సెటప్‌లో అండర్‌స్టీర్ ఉంది బ్రో" అంటారు, అంటే కారు సెట్టింగుల వల్లే తిరగట్లేదని. సెటప్‌లో కాదు బ్రో, కాలిలో ఉంది! మంచి బస్సు డ్రైవర్ స్టాప్‌లో ఆగే ముందు బ్రేక్ కాస్త సడలిస్తాడు, నిలబడ్డవాళ్లు తూలరు. కావలసింది ఆ సడలింపే.

మధ్యలో వచ్చే లెస్మో, అస్కారి మలుపుల జోలికి ఇప్పుడు పోను, అక్కడ కెర్బుల (ట్రాక్ అంచు గట్ల) గొడవే వేరు. చివరి మలుపు పారాబోలికా. 2021లో దీనికి ఇటలీ రేసర్ ఆల్బొరెటో పేరు పెట్టారు, అయినా అందరి నోటా పాత పేరే. చాలా పొడవైన కుడి మలుపు. ఇక్కడ పది శాతం బ్రేక్‌ను లోపలిదాకా పట్టుకెళ్తే ముక్కు లోపలికి వస్తుంది, యాక్సిలరేటర్ ముందే తొక్కొచ్చు. ఆ లాభం మెయిన్ స్ట్రెయిట్ పొడవునా వెంట వస్తుంది. ఆ చివరి పది శాతాన్ని పట్టుకోవడంలోనే లోడ్‌సెల్ తన డబ్బు వసూలు చేస్తుంది. పొటెన్షియోమీటర్‌తో కుదరదని కాదు, చేయి తిరిగినవాళ్లు దాంతోనే పరుగెత్తిస్తారు. జీ29 ఉన్నవాళ్లు ముందు కంట్రోల్స్‌లో బ్రేక్ గామా కాస్త పెంచి చూడండి. పైపైన తొక్కినప్పుడు బ్రేక్ మెల్లగా పెరుగుతుంది. పైసా ఖర్చు లేదు.

మీ కాలు ఏం చేస్తోందో చూడాలంటే సెటప్‌లో ఎలక్ట్రానిక్స్ పేజీకి వెళ్లి టెలిమెట్రీ (కారు డేటా రికార్డు) ల్యాప్స్ సంఖ్య పెట్టండి. ఆ ఫైల్‌ను మోటెక్ అనే డేటా చూసే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. గ్రాఫ్‌లో బ్రేక్ గీత నిట్టనిలువుగా లేచి, వాలుగా దిగాలి. గోడలా లేచి గోడలా పడితే మీ సమస్య దొరికినట్టే. ఇంకోటి, ఏబీఎస్ చాలా తప్పుల్ని దాచేస్తుంది. ఐరేసింగ్ అనే మరో గేమ్‌లో మాజ్దా ఎమ్ఎక్స్-5 కారు నడపండి. దాంట్లో ఏబీఎస్ లేదు, ఏదీ దాగదు.

ఇక నచ్చనివి. కాలు ఇంత గట్టిగా తొక్కితే చక్రాలున్న ఆఫీస్ కుర్చీ వెనక్కి జారిపోతుంది. పెడల్స్‌ను దేనికైనా బోల్టులతో బిగించాల్సిందే. కార్పెట్ మీద పెట్టి ఆడదామంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. స్ప్రింగులు మార్చడం కూడా రెండు నిమిషాల పనేం కాదు. యాక్సిలరేటర్ నాకు మరీ మెత్తగా అనిపించింది.

రిగ్ (సీటు, పెడల్స్ బిగించే ఫ్రేమ్) గానీ గట్టి స్టాండ్ గానీ ఉండి, గీత చూసి సరిదిద్దుకునే ఓపిక ఉంటే కొనండి. రిగ్ లేదంటే ఆ డబ్బు ముందు దాని మీద పెట్టండి, పెడల్స్ తర్వాత చూసుకోవచ్చు.