520001 లోపల ఏముంది?

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ వన్‌టౌన్‌కి ఉత్తరం రాస్తే అడ్రసు చివర 520001 అని వేస్తాం. పిన్ కోడ్ విధానం 1972 ఆగస్టు 15న మొదలైంది. పోస్ట్‌మ్యాన్‌కి అది చిరునామా. ఈ పూట దాన్ని అయిదు లక్షల ఇరవై వేల ఒకటి అనే సంఖ్యగా చూద్దాం.

ఇది ప్రధాన సంఖ్యేనా? అంటే ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించదా? ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి పాత నోట్‌బుక్ వెనక పేజీల్లో లెక్క మొదలుపెట్టాను. 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోవాలి. 721 దాకా చూస్తే చాలు, 722ని 722తో గుణిస్తే మన సంఖ్య దాటిపోతుంది. 13 దగ్గర ఒకటి మిగిలింది. 29 దగ్గర రెండు, 43 దగ్గర రెండు, 139 దగ్గర మళ్లీ రెండే! పెన్సిల్ రెండుసార్లు చెక్కాను. అరవై ఆరు ప్రధాన సంఖ్యలు కాదన్నాయి. అరవై ఏడోది 331. భాగహారం కింద సున్నా పడింది. 331ని 1571తో గుణిస్తే సరిగ్గా 520001. ఆ 1571 కూడా ప్రధాన సంఖ్యే, ఇక విడిపోదు.

గుణించడానికి నిమిషం, విడదీయడానికి ఒక పూట. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేత పద్ధతి ఈ తేడా మీదే నిలబడింది.

ఇప్పుడు కృష్ణ దాటి గుంటూరు వెళ్దాం. అక్కడ 522001. ఇదీ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమే: 109, 4789. కానీ స్వభావం వేరు. మిర్చి యార్డులో 522001 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నాయనుకోండి. ఒక్కటీ మిగలకుండా వాటిని రెండు చదరాలుగా పరచవచ్చు. ఒకటి వరసకి 676 చొప్పున 676 వరసలు, రెండోది 255 చొప్పున 255 వరసలు. అది వద్దంటే 585, 424 కూడా కుదురుతాయి. 520001 టిక్కీలతో ఎంత తంటాలు పడ్డా ఒక్క రకంగానూ కుదరదు.

ఎందుకని? సరిసంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే ఏమీ మిగలదు, బేసిసంఖ్య వర్గమైతే 1 మిగులుతుంది. కాబట్టి 4తో భాగిస్తే 3 మిగిలే సంఖ్య ఎప్పటికీ రెండు వర్గాల మొత్తం కాదు. 520001కి మిగిలేది 1, పైకి ఏ ఇబ్బందీ లేదు. కానీ లోపలి 331కీ, 1571కీ మిగిలేది మూడే. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిదిలో నాలుగులు పోతే ఒకటి. అందుకే ఆ మూళ్లు పైకి కనపడలేదు. అలాంటి ప్రధాన సంఖ్య కారణాంకాల్లో ఒక్కసారే వచ్చినా చదరాలు కుదరవు. నాకు ఈ సంఖ్య మీద ఇష్టం కలిగింది ఇక్కడే.

గుంటూరు వైపు 109కీ, 4789కీ మిగిలేది 1. అలాంటి ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తమేనని 1640లో ఫెర్మా అనే గణితజ్ఞుడు ఉత్తరంలో రాశాడు, తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ అనే ఇంకో గణితజ్ఞుడు నిరూపించాడు. 109 అంటే 10 వర్గం, 3 వర్గం. 4789 అంటే 55 వర్గం, 42 వర్గం. ఇంట్లో కాగితం ఉంటే తీసుకోండి. 10ని 55తో, 3ని 42తో గుణించండి. రెండూ కలిపితే 676, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే 424.