బండి దగ్గరే ఆగిపోయిన అన్నలకు

శ్రోతలందరికీ నమస్కారం.

గన్‌ఫౌండ్రీ జోజప్పగారి కథీడ్రల్‌కు వెళ్ళినా, సికింద్రాబాద్ మరియమాత బాసిలికాకు వెళ్ళినా ఆదివారం ఒక దృశ్యం మారదు. లోపల ఫాదర్‌గారి ప్రసంగం నడుస్తుంటుంది. బయట బండ్ల దగ్గర, హెల్మెట్ చేతికి తగిలించుకుని నలుగురైదుగురు మగవాళ్ళు నిలబడి ఉంటారు. అమ్మని దింపడానికి వచ్చామంటారు. పదేళ్ళ కిందటి దాకా ఆ గుంపులో నేనూ ఉన్నాను, కాబట్టి తిట్టే హక్కు నాకు లేదు. వాళ్ళని పిలవడానికే వచ్చాను, సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీలోకి. పేదల ఇళ్ళకు వెళ్ళి సాయపడే కాథలిక్ సంఘం ఇది, పొట్టిగా ఎస్‌వీపీ అంటాం.

1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం అనే కుర్రవాడు చదువుకునేవాడు. అంతకు ముందటేడే కలరా ఆ నగరాన్ని ఊడ్చిపెట్టింది. చర్చా సభల్లో తన మతం తరఫున గట్టిగా వాదించేవాడు. ఒకనాడు ఎదుటివాడు అడిగేశాడు: మీ మతం ఒకప్పుడు గొప్ప పనులు చేసింది, సరే, ఇప్పుడు మీరేం చేస్తున్నారని. వాదనలో ఆరితేరిన మనిషికి అక్కడ నోరు పెగల్లేదు. స్నేహితుడితో కలిసి, చలికాలానికి కొనుక్కున్న కట్టెల్లో మిగిలినవి మోసుకెళ్ళి ఓ పేదింట్లో ఇచ్చాడని చెబుతారు. ఏప్రిల్ 23న, అతనికి సరిగ్గా ఇరవై నిండిన రోజున, ఏడుగురు కూర్చుని ఈ సంఘం పెట్టారు. ఆరుగురు విద్యార్థులే. ఏ గడపకు వెళ్ళాలో పేదవాడల్లో తిరిగే సిస్టర్ రోజలీ చెప్పేది. 1863కల్లా ఆ సంఘం బొంబాయి చేరింది. 1997లో జగద్గురువులు, అంటే పోప్, రెండవ జాన్ పాల్ ఓజనాంను ధన్యుడిగా, అంటే పునీతుడికి ముందు మెట్టులో, ప్రకటించారు.

అమెరికాలో నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కాథలిక్ మగవాళ్ళ సంఘం పుట్టుక కూడా ఇలాంటిదే. సంపాదించే మనిషి పోతే ఆ ఇల్లు వీధిన పడకూడదని 1882లో న్యూహేవెన్‌లో ఫాదర్ మెక్‌గివ్నీ తన విచారణలోని, అంటే తన చర్చి పరిధిలోని, మగవాళ్ళను కూడగట్టారు.

మా పని చెబుతాను. అందరం కూర్చుని ప్రార్థన చేసుకుంటాం. ఒక సంచి చేతులు మారుతుంది. ఎవరెంత వేశారో పక్కవాడికి కూడా తెలియదు. తర్వాత ఇద్దరిద్దరం ఇళ్ళకు వెళ్తాం. కులం, మతం అడగం. అక్కడ విన్నది బయట చెప్పం.

నా మొదటి ఇల్లు ముషీరాబాద్‌లో. కాలు విరిగి మంచం పట్టిన వాచ్‌మన్. నేను బియ్యం బస్తా భుజాన వేసుకుని వెళ్ళాను, కాస్త గొప్పగానే. ఆయన బస్తా వంక చూడలేదు. "అన్నా, బిడ్డ గురుకులం ఫారం నింపొస్తదా? రేపే ఆఖరు తారీఖు" అన్నాడు. నింపాను. పెన్ను పట్టుకుని అంత భయపడింది నా సొంత ఉద్యోగానికి కూడా లేదు.

అందుకే చెబుతున్నా, పాటలు రావాలనో, బైబిలు కంఠతా ఉండాలనో అనుకోకండి. ఆటో నడిపేవాళ్ళు, కరెంటు పని తెలిసినవాళ్ళు, బ్యాంకులో చేసేవాళ్ళు, అందరూ కావాలి. ఈ సంఘంలో ఆడవాళ్ళకూ చోటుంది. వాళ్ళు పిలవకుండానే వస్తారు, మరియ సేన అనే ప్రార్థనా సంఘంలోనూ వాళ్ళే, జపమాలలోనూ వాళ్ళే. పిలవాల్సి వచ్చేది మననే.

వచ్చే ఆదివారం పూజ అయ్యాక బండి తీయకండి. మీ విచారణ గురువుగారిని "ఎస్‌వీపీ వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు ఫాదర్?" అని అడగండి. హెల్మెట్ చేతిలో ఉన్నా ఫరవాలేదు.