సర్వర్‌కు ర్యామ్ కొనే ముందు ఈ లెక్క వేయండి

తెరపై: బ్రౌజర్‌లో ఎంతకీ తెరుచుకోని పేజీ.

వ్యాఖ్యానం: నమస్కారం. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఆ జాతరకు హనుమకొండ నుంచి బస్సులు ఎప్పుడు బయలుదేరతాయో చూపే సైటును మీరు నడుపుతున్నారనుకుందాం. 4 జీబీ మెమరీ (ర్యామ్) ఉన్న అద్దె సర్వర్. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్, పేజీలు పంపే అపాచీ, వాటిని తయారుచేసే పీహెచ్‌పీ, డేటాబేస్ మై ఎస్‌క్యూఎల్. ఏడాదంతా ఏ ఇబ్బందీ లేదు. జాతర వారం రాగానే పేజీ అరనిమిషానికి గానీ రావడం లేదు. కాసేపటికి డేటాబేస్ అందడం లేదన్న సందేశం కూడా మొదలైంది.

ఇలాంటప్పుడు చేయి నేరుగా రీస్టార్ట్ మీదికి వెళుతుంది. ఒక్క నిమిషం ఆగండి. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఇచ్చే సందేశాలను డిస్కులో దాచే ఏర్పాటు లేకపోతే, యంత్రాన్ని ఆపి పెట్టగానే అవి చెరిగిపోతాయి. కారణం తెలిపేవి అవే.

తెరపై: ‘ఫ్రీ’ కమాండ్ ఫలితం. ‘అవైలబుల్’ గడి మెరుస్తుంది.

వ్యాఖ్యానం: ‘ఫ్రీ’ గడిలో 100 ఎంబీ మాత్రమే కనిపించిందని కంగారు పడకండి. ఖాళీగా ఉన్న మెమరీని లైనక్స్ ఊరికే ఉంచదు. డిస్కు నుంచి చదివిన ఫైళ్లను అందులో పెట్టుకుంటుంది, ఎవరికైనా అవసరమైతే వెంటనే వదులుతుంది. మీరు చూడవలసింది ‘అవైలబుల్’ గడి. అదీ అడుగంటిందంటే నిజంగానే మెమరీ చాలడం లేదు.

తెరపై: ‘డీమెసేజ్’ ఫలితం. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న వరుస.

వ్యాఖ్యానం: ఈ వరుస కనిపిస్తే, మెమరీ పూర్తిగా అయిపోయి కెర్నెల్ ఒక ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ను, చంపిందన్నమాట. సాధారణంగా ఎక్కువ మెమరీ వాడుతున్నదాన్నే ఎంచుకుంటుంది. మన సర్వర్‌లో అది మై ఎస్‌క్యూఎల్. కానీ తప్పు దానిది కాదు. డేటాబేస్ సెట్టింగులు మారుస్తూ రాత్రంతా కూర్చునేవారిని చూస్తే బాధేస్తుంది. మెమరీని మింగుతున్నది పక్కనున్న అపాచీ.

ఎలాగో చూడండి. అపాచీ పనిచేసే పద్ధతుల్లో ప్రీఫోర్క్ ఒకటి. అందులో ఒక్కో అభ్యర్థనకు ఒక్కో ప్రాసెస్ కావాలి. పీహెచ్‌పీతో కలిపి ఒక్కోటి 60 ఎంబీ తింటోందనుకోండి. ‘మ్యాక్స్ రిక్వెస్ట్ వర్కర్స్’ అనే పరిమితిని మీరు ముట్టుకోకపోతే అది 256. రెండూ గుణిస్తే 15,360 ఎంబీ. ఉన్నది 4 జీబీ! ఉమ్మడిగా వాడుకునే భాగం ప్రతి ప్రాసెస్‌లోనూ లెక్కకు వస్తుంది కాబట్టి అసలు అంకె కొంత తగ్గుతుంది. అయినా పట్టదు.

పట్టని భాగాన్ని కెర్నెల్ డిస్కులో అందుకోసమే ఉంచిన స్వాప్ అనే చోటికి నెడుతుంది. ‘వీఎంస్టాట్ 1’ నడిపి, స్వాప్ నుంచి వచ్చేది, స్వాప్‌కు పోయేది చూపే ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ నిలువు వరుసలు చూడండి. అంకెలు ఆగకుండా కదులుతుంటే సర్వర్ పని మానేసి మెమరీని అటూ ఇటూ మోయడంలోనే ఉంది.

తెరపై: 4000 − 1000 − 500 = 2500; 2500 ÷ 60 ≈ 41.7

వ్యాఖ్యానం: డేటాబేస్‌కు 1000, మిగతా వ్యవస్థకు 500 తీసేస్తే అపాచీకి 2500 ఎంబీ మిగులుతుంది. దాన్ని 60తో భాగిస్తే 41కి కాస్త పైన. పరిమితిని 40కి దించండి.

జనం పెరిగినప్పుడు తగ్గించడమా అని చాలామంది ఒప్పుకోరు. మేడారంలో గద్దెల దగ్గరికి అందరినీ ఒకేసారి వదిలితే ఎవరికీ దర్శనం కాదు. క్యూలైన్లో ఆపి వదిలితేనే వరుస కదులుతుంది. లెక్కలోనూ అంతే. స్వాప్ తగలకపోతే పేజీకి 0.2 సెకను పడుతుందనుకుందాం. సీపీయూ తట్టుకుంటే 40 ప్రాసెస్‌లు సెకనుకు 200 పేజీలు ఇస్తాయి. స్వాప్‌లో పడి పేజీకి 20 సెకన్లు పడితే, 256 ప్రాసెస్‌లూ కలిసి ఇచ్చేది 13కు మించదు. పరిమితి 40 పెడితే, అది దాటిన అభ్యర్థనలు కాసేపు వరుసలో ఆగుతాయి, అంతే.

‘కీప్ అలైవ్ టైమవుట్’ మామూలుగా 5 సెకన్లు. పేజీ ఇచ్చేశాక కూడా ప్రాసెస్ అంతసేపు అదే మనిషి కోసం ఖాళీగా కూర్చుంటుంది. ప్రీఫోర్క్‌లో దాన్ని 1 లేదా 2కి తగ్గించండి.

స్వాప్ కదలకుండానే సైటు నత్తనడక నడుస్తోందా? ‘టాప్’ కమాండ్‌లో ‘డబ్ల్యూఏ’ ఎక్కువగా ఉంటే డిస్కు కోసం ఎదురుచూపు. మై ఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ తెరవండి; డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల్లో (క్వెరీల్లో) ఆలస్యమైనవాటిని అది రాసి పెడుతుంది. అది మామూలుగా మూసి ఉంటుంది, తెరిచినా 10 సెకన్లు దాటిన క్వెరీలనే రాస్తుంది. ఆ హద్దును 1 సెకనుకు దించితే వెతుకులాటకు సూచిక (ఇండెక్స్) లేని టేబుల్ ఏదో బయటపడవచ్చు.

నన్నడిగితే, బస్సుల వేళల పేజీకి అసలు పీహెచ్‌పీ ఎందుకు? అందరికీ కనిపించేది ఒకే పట్టిక. వేళలు మారినప్పుడల్లా మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాసి పెడితే డేటాబేస్ జోలికే పోనక్కర లేదు.

ఇదంతా జాతరకు ముందే పరీక్షించండి. వేరే కంప్యూటర్ నుంచి ‘ఏబీ’ అనే పరికరంతో 40 అభ్యర్థనలు ఒకేసారి పంపుతూ, సర్వర్‌లో ‘వీఎంస్టాట్’ తెరిచి ఉంచండి. ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ సున్నా దగ్గరే నిలిచి, ‘అవైలబుల్’ ఇంకా మిగిలి ఉంటే పరిమితినీ, ఒకేసారి పంపే అభ్యర్థనలనూ ఐదేసి పెంచి మళ్లీ పంపండి. అంకెలు కదిలిన చోట ఒక మెట్టు వెనక్కి రండి.