పనిచేయని మీటకు లినక్స్‌లో ప్రత్యామ్నాయం: మార్పును కెర్నెల్ స్థాయిలోనే చేయడం

[తెరపై: ల్యాప్‌టాప్ కీబోర్డు, డి మీట దగ్గరగా]

నమస్కారం. ల్యాప్‌టాప్‌లో అన్నీ సక్రమంగా ఉండి ఒక్క మీట మాత్రమే మొరాయిస్తే కీబోర్డు మొత్తం మార్చవలసి వస్తుంది. అనేక మోడళ్లలో కీబోర్డును పైచట్రానికి గట్టిగా బిగించేస్తారు కనుక ఆ ఖర్చు తక్కువేమీ కాదు. లినక్స్ వాడేవారు ఆ మీట చేయవలసిన పనిని, అంతగా వాడని మరో మీటకు అప్పగించుకోవచ్చు. ఈ వీడియోలో డి మీట పనిచేయడం లేదనుకుని, దాని పనిని క్యాప్స్ లాక్ చేత చేయిద్దాం.

డి మీటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేసేవారికి పొల్లు ఆ మీట మీదే ఉంటుంది. షిఫ్టుతో కలిపి నొక్కితే అ వస్తుంది. "అమ్మ" అని రాయాలంటే అ, మ, పొల్లు, మ అని నాలుగుసార్లు నొక్కాలి, అందులో రెండుసార్లు డి మీటనే నొక్కాలి. అది పాడైతే తెరపై మిగిలేది "మమ" మాత్రమే. ఆంగ్లంలో ఒక్క అక్షరం పోయే చోట, తెలుగులో ఒత్తులన్నీ పోతాయి.

[తెరపై: మీట నుంచి అక్షరం వరకు బాణాల చిత్రం]

మీట నొక్కగానే కీబోర్డులోని కంట్రోలర్, అది ఏ మీటో తెలిపే స్కాన్‌కోడ్ అనే సంఖ్యను పంపుతుంది. లినక్స్ మూలభాగమైన కెర్నెల్ దానిని కీకోడ్ అనే మరో సంఖ్యగా మారుస్తుంది. ఆ తరువాతే ఎక్స్‌కేబీ అనే పొర, మీరు ఎంచుకున్న భాషను బట్టి, ఆ కీకోడ్‌కు డి అనో పొల్లు అనో అర్థం చెబుతుంది. మీటల అర్థాన్ని మార్చే పాతకాలపు ప్రోగ్రాము ఎక్స్‌మోడ్‌మ్యాప్ ఈ చివరి దశలో పనిచేసేది. తెరపై కిటికీలను చూపే కొత్త వ్యవస్థ అయిన వేలాండ్‌లో దాని ప్రభావం ఉండదు. లినక్స్ రకాలైన ఫెడోరా 2016లో, ఉబుంటు 2021లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌కు వేలాండ్‌నే ప్రధానం చేసుకున్నాయి. అంతకంటే ముఖ్యమైన విషయం ఏమిటంటే, చివరి దశలో మార్పు చేస్తే ఆంగ్లానికీ తెలుగుకూ విడివిడిగా చేయాలి. లోపం మీటలో ఉన్నప్పుడు, మీటకు అతి దగ్గరగా ఉన్న పొరలోనే దానిని సవరించడం సరైన పద్ధతి అని నా దృఢమైన అభిప్రాయం. అలా చేస్తే ఆంగ్లం, తెలుగు, షిఫ్టుతో వచ్చే అ, చిత్రాలు లేని కన్సోల్ తెర, అన్నీ ఒకే మార్పుతో కుదురుకుంటాయి.

[తెరపై: సుడో ఈవీటెస్ట్]

ముందుగా లోపమేమిటో తెలుసుకోవాలి. మీటలు పంపే సంకేతాలను చూపే ఈవీటెస్ట్ అనే ప్రోగ్రామును నడిపి, జాబితాలో "ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 కీబోర్డ్" అనే పేరును ఎంచుకోండి. చాలా ల్యాప్‌టాప్‌ల సొంత కీబోర్డు ఆ పేరుతోనే కనిపిస్తుంది. క్యాప్స్ లాక్ నొక్కితే స్కాన్‌కోడ్ 3ఏ అనీ, కీకోడ్ 58 అనీ వస్తుంది. పక్కనున్న విలువ నొక్కినప్పుడు 1, వదిలినప్పుడు 0, నొక్కి పట్టుకుంటే 2. ఇప్పుడు డి నొక్కండి. మీట పూర్తిగా పోయి ఉంటే ఒక్క వరుస కూడా రాదు. ఏ సంకేతమూ పంపని మీటను ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు. దాని పనిని మరో మీటకు ఇవ్వడమొక్కటే మార్గం. ద్రవం ఒలికిన కీబోర్డుల్లో ఒకే తీగను పంచుకునే మీటలు కొన్ని ఒకేసారి పోతుంటాయి కనుక, మిగతా మీటలన్నింటినీ కూడా ఇక్కడే ఒకసారి నొక్కి చూడండి.

[తెరపై: ఫైలులోని రెండు వరుసలు, పెద్ద అక్షరాలలో]

ఇప్పుడు ఈటీసీలో, పరికరాలను గుర్తించే యుడెవ్ అనే భాగానికి చెందిన ఫోల్డరులో, హెచ్‌డబ్ల్యూడీబీ డాట్ డి అనే చోట, 90తో మొదలయ్యే పేరుతో ఒక ఫైలు తయారుచేయండి. మొదటి వరుస ఏ కీబోర్డుకు ఈ మార్పు వర్తించాలో చెబుతుంది, రెండవది 3ఏ స్కాన్‌కోడ్ వచ్చినప్పుడు దానిని డి గా భావించమంటుంది. రెండవ వరుస మొదట్లో ఒక ఖాళీ తప్పనిసరి. అది లేకపోతే ఆ వరుస లెక్కలోకి రాదు. తరువాత సిస్టమ్‌డీ-హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్, ఆపైన యుడెవ్ఆడ్మ్ ట్రిగర్ అనే రెండు ఆదేశాలు ఇస్తే చాలు. ఇందుకోసం వెనుక ఏ ప్రోగ్రామూ నడుస్తూ ఉండనవసరం లేదు, ఏ స్కాన్‌కోడ్‌కు ఏ మీటో చెప్పే పట్టిక నేరుగా కెర్నెల్‌లోకే చేరుతుంది. యూఎస్‌బీ కీబోర్డు అయితే క్యాప్స్ లాక్ స్కాన్‌కోడ్ 70039 అవుతుంది, మొదటి వరుసలో ఆ పరికరపు గుర్తింపు సంఖ్యలు రాయాలి.

పాడైన మీట దానంతటదే నొక్కుకుంటూ అక్షరాలు కురిపిస్తుంటే పరిస్థితి వేరు. అది సంకేతం పంపుతూనే ఉంది కనుక, దాని స్కాన్‌కోడ్‌కు ఎదురుగా రిజర్వ్‌డ్ అని రాస్తే కెర్నెల్ దానిని పట్టించుకోదు.

[తెరపై: కీడీ అమరిక]

క్యాప్స్ లాక్‌ను వదులుకోలేనివారికి కీడీ అనే ప్రోగ్రాము ఉంది. కుడి ఆల్ట్ పట్టుకుని ఎస్ నొక్కితే డి వచ్చేలా దానిలో రెండే వరుసల్లో చెప్పవచ్చు. అమరిక బెడిసికొట్టి ఏమీ టైపు చేయలేకపోతే బ్యాక్‌స్పేస్, ఎస్కేప్, ఎంటర్ మూడింటినీ కలిపి నొక్కండి. కీడీ ఆగిపోయి కీబోర్డు పాత స్థితికి వస్తుంది.

ఈ రెండు పద్ధతులూ లినక్స్ మొదలైన తరువాతే అమలవుతాయి. కంప్యూటరు ఆన్ కాగానే నడిచే బయాస్ పాస్‌వర్డులో గాని, లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ పాస్‌వర్డులో గాని డి అక్షరం ఉంటే, మీట పూర్తిగా పోకముందే దానిని మార్చుకోండి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసినవారు ఆ పాస్‌వర్డు అడిగే తెర దగ్గర కొత్త మీట పనిచేస్తున్నదో లేదో, బయటి యూఎస్‌బీ కీబోర్డు దగ్గర పెట్టుకుని, ముందే పరీక్షించండి. కీబోర్డును బాగు చేయించిన తరువాత ఆ ఫైలును తొలగించి, అప్‌డేట్ ఆదేశాన్ని మళ్లీ ఇచ్చి, కంప్యూటరును రీస్టార్ట్ చేయాలి. అంతవరకూ కెర్నెల్ పాత పట్టికనే గుర్తుంచుకుంటుంది.