ఎడమచేతి పిల్లలకూ క్రోషియా నేర్పండి

(తిరుపతి కొర్లగుంటలో వేసవి క్రోషియా తరగతుల మొదటిరోజు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకూ, ఇంత ఎండలో వచ్చిన అమ్మలకూ, అక్కచెల్లెళ్ళకూ, పిల్లలకూ నమస్కారం. హాలు ఇచ్చినవాళ్ళకు, మైకు పెట్టిన తమ్ముడికి, మజ్జిగ పంచుతున్న బిడ్డలకు కృతజ్ఞతలు.

కొనకు కొక్కెం ఉండే సూదితో దారం అల్లే ఈ క్రోషియా ఎట్లా మొదలుపెట్టాలో చెప్పమన్నారు. ముందు సామాను సంగతి. ఇంట్లో అవ్వ వాడిన సన్నసూది, తెల్ల నూలుండ ఉంటే భద్రంగా దాచుకోండి, ఇప్పుడే వద్దు. 4 మిల్లీమీటర్ల సూది, మధ్యరకం లావుండే లేతరంగు ఉలన్ కొనండి. నల్ల ఉలన్‌లో కుట్టు కనబడదు. జారుముడి వేసి గొలుసు అల్లండి, వదులుగా అల్లండి. బిగిస్తే మలి వరసలో సూది దూరదు. వరస చివర కుట్లు లెక్కపెట్టండి. చివరి కుట్టు వదిలేస్తే ముక్క పోనుపోను సన్నబడిపోతుంది. ఫోన్లో నమూనా చూస్తే అది అమెరికాదో బ్రిటన్‌దో కనుక్కోండి. అమెరికా వాళ్ళ సింగిల్ క్రోషా కుట్టును బ్రిటన్‌లో డబుల్ క్రోషా అంటారు.

నాకిచ్చిన కాయితంలో తర్వాతి మాట: 'సూది కుడిచేత్తో పట్టుకోవాలి.' ఇది నేను చదవనమ్మా. నాది ఎడమచేతి వాటం.

బడిలో కుట్టుపని క్లాసులో టీచరమ్మ నా చేతిలో సూది లాక్కుని, "అన్నం తినే చేత్తో పట్టుకోవే" అంది. నాకు కుడిచెయ్యి తిరగలేదు. మిగతా ఆడపిల్లలు అల్లుతుంటే వాళ్ళ దారం ఉండలు పట్టుకుని ఆ ఏడాదంతా కూర్చున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. దానం, తాంబూలం కుడిచేత్తో ఇవ్వడం మన పద్ధతి, నేనూ పాటిస్తాను. క్రోషియా సూదికి ఆ పట్టింపు ఎందుకు?

నాకు నేర్పింది మా పక్కింటి అత్త. ఆమెది కుడిచేతి వాటమే. నన్ను పక్కన కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఎదురుగా ఉంటే ఆమె కుడిచెయ్యి అద్దంలో మాదిరి నా ఎడమచేతికి సరిపోయింది. అంతే! మీరు కుడి నుంచి ఎడమకు అల్లితే మేం ఎడమ నుంచి కుడికి పోతాం. గుండ్రంగా అల్లేటప్పుడు మేం గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతాం. వీడియోలో నేర్చుకుంటే బొమ్మను అద్దంలో మాదిరి కుడిఎడమలు మార్చి పెట్టుకోవచ్చు.

ఒక్కచోటే జాగ్రత్త. గళ్ళ నమూనా చూసి గుమ్మం తెర మీద 'స్వాగతం' అల్లితే మాకు అక్షరాలు తిరగబడతాయి. మేం ఆ గళ్ళను అవతలి కొస నుంచి చదువుకోవాలి. ఇది నేర్పేవాళ్ళు ముందే చెప్పాలి, తెరంతా అయినాక కాదు.

నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్న పని మన రాష్ట్రంలో ఉంది. చెయ్యి చూసి ఒక్క బిడ్డనైనా దానికి దూరం చేస్తామా? నేర్పడానికి వచ్చిన అక్కలారా, మిమ్మల్నే అడుగుతున్నాను.

ఎడమచేతి వాటం పిల్లలు ఎవరున్నారు? లేవండి, సిగ్గుపడకండి. కుర్చీలు ఇట్లా నా ఎదురుగా వేసుకోండి. మీకు జారుముడి నేను చూపిస్తాను.