దగ్గు మందు మూతతో కొలిచిన పెగ్గు

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్నే తాగుడు గురించి మాట్లాడతానంటే ఎవరొస్తారులే అనుకున్నాను. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. కొందరు నన్ను చూసి తల పక్కకు తిప్పుకుంటున్నారు. ఫరవాలేదు, నేనెవరి పేరూ చెప్పను.

కరపత్రంలో నా పేరు కింద 'మద్యపానంపై అవగాహన' అని వేశారు. నేను డాక్టర్ని కాదు. 31 ఏళ్లు అకౌంట్స్ సెక్షన్‌లో ఓచర్లు చూసి రిటైరైన మనిషిని. అందులో 22 ఏళ్లు రోజూ సాయంత్రం తాగాను. ఇప్పుడు తగ్గించాను. మానేశానని అనడం లేదు, తగ్గించానంటున్నాను. ఈ రెంటికీ ఉన్న తేడా నాకు తెలియడానికి పాతికేళ్లు పట్టింది కాబట్టి, ఇవాళ దాని గురించే చెబుతాను.

మానేయడం మనవాళ్లకు కొత్త కాదు. శ్రావణం రాగానే మానేస్తాం, కార్తీకంలో మానేస్తాం. అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు ముట్టం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధమే పెట్టింది. 1997లో దాన్ని ఎత్తేశారు. అంటే మానడానికి మనకు దేవుడి దీక్ష ఉంది, ఉద్యమం ఉంది, చట్టం కూడా వచ్చిపోయింది. మరి తగ్గించడానికి ఏముంది? 'ఈ నెల సగమే తాగుతా స్వామీ' అని మొక్కుకున్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. మనకు తెలిసినవి రెండే: అయితే 'ముట్టను', లేకపోతే 'ఇయ్యాల ఇడిచిపెట్టన్నా, రేపు చూస్కుందాం'.

నేను ఆరుసార్లు మాల వేశాను. ప్రతిసారీ దాన్ని ఒక సర్టిఫికెట్‌లా వాడుకున్నాను. ఎవరైనా 'తాగుడు ఎక్కువైంది' అంటే, 'నాకు అలవాటైతే 41 రోజులు ఎట్లుంటా?' అనేవాణ్ని. ఈ మాట హాల్లో చాలామందికి తెలిసిన మాటే అనుకుంటా, నవ్వులు వినిపిస్తున్నాయి. రైలు దిగి, మాల తీసి, సాయంత్రానికి గ్లాసు పట్టుకున్న సంగతి మాత్రం సర్టిఫికెట్‌లో రాసుకోలేదు.

2020 లాక్‌డౌన్‌లో ఇంకా పెద్ద సర్టిఫికెట్ దొరికింది. మార్చి 22 నుంచి వైన్ షాపులు బంద్. ఇంట్లో బీరువాలో ఒకటిన్నర బాటిల్ ఉంది. అది అయిపోతుందన్న భయంతో రోజురోజుకూ కాస్త కాస్త తక్కువ పోసుకుంటూ పది, పదకొండు రోజులు లాగాను. తర్వాత చుక్క లేదు. మే 6న షాపులు తెరిచారు, ధరలు పెంచి మరీ. ఆ పొద్దున ఎండలో గొడుగు పట్టుకుని, సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడ్డాను. నా ముందు గుండ్రంలో మా అమ్మాయికి లెక్కలు చెప్పిన మాస్టారు. ఇద్దరం మాస్కులు సర్దుకుని, ఒకరినొకరం గుర్తుపట్టనట్టు నటించాం. నెల దాటి ఒక్క చుక్క లేకుండా ఉన్న మనిషి, ఆ తర్వాత జూన్ వచ్చేసరికి మునుపటి కంటే ఎక్కువ తాగుతున్నాడు. మానడం వచ్చినవాడికి తగ్గించడం వస్తుందనే నమ్మకం నాకక్కడ పోయింది.

2021లో కడుపులో మంటకని వెళ్తే స్కానింగ్ తీశారు. ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2. డాక్టరమ్మ రిపోర్టు చూస్తూనే "రోజుకెంత తీసుకుంటారు?" అని అడిగింది. "రెండు పెగ్గులండీ" అన్నాను. పక్కన కూర్చున్న మా ఆవిడ తలెత్తి ఫ్యాను వైపు చూసింది. డాక్టరమ్మ ఆ చూపును పట్టేసింది. "ఒక పని చేయండి. ఇవాళ రోజూ పోసుకున్నట్టే పోసుకోండి. తాగేముందు మాత్రం కొలవండి" అంది.

ఇంట్లో కొలవడానికి ఏముంది? బియ్యం కొలిచే గ్లాసుంది. మా అమ్మాయి అప్పుడు డిగ్రీ ఫైనలియర్, ఆన్‌లైన్ క్లాసులని ఇంట్లోనే ఉండేది. దగ్గు మందు సీసాకుండే 10 ఎంఎల్ ప్లాస్టిక్ మూత కడిగి తెచ్చి నా ముందు పెట్టింది. గ్లాసులోది మూతలోకి వంచడం, మూతలోది పక్క గిన్నెలోకి పోయడం. అది పైకే లెక్కపెడుతోంది. మూడు దగ్గర ఆగుతుందనుకున్నాను, చిన్న పెగ్గు 30 కదా. పోనీ ఆరు దగ్గరైనా ఆగాలి, అది లార్జ్. ఎనిమిది మూతలు నిండి, గ్లాసు అడుగున ఇంకా కాస్త ఉంది. "ఎనభై రెండు అనుకుందాం నాన్నా" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. మూత కడిగి సీసాకు పెట్టేసి లోపలికెళ్లిపోయింది.

ఆ రాత్రి కాలిక్యులేటర్ తీశాను. రెండు పెగ్గులంటే 164 ఎంఎల్. నెలకు దాదాపు 4,900. ఫుల్ బాటిల్ 750 కదా, అంటే ఆరున్నర బాటిళ్లు! ఆఫీసులో పది రూపాయల తేడా వస్తే ఓచరు వెనక్కి పంపినవాణ్ని, నా ఇంటి లెక్క ఒక్కసారి కూడా వేసుకోలేదు.

లెక్క మాటెత్తాను కాబట్టి ఇంకో రెండు అంకెలు చెబుతాను, ఇవి సీసా మీదే అచ్చయి ఉంటాయి. మన విస్కీ, బ్రాందీ, రమ్ముల మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 30 ఎంఎల్‌లో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు. క్వార్టర్‌లో, అంటే 180 ఎంఎల్‌లో, 60 గ్రాములు. 'నేను బీరేనండీ, హాట్ ముట్టను' అనేవాళ్లు ఈ కాలనీలో చాలామందే ఉన్నారు. స్ట్రాంగ్ బీరు మీద 8 శాతం దాకా ఉంటుంది. 650 ఎంఎల్ సీసా అంటే 40 గ్రాములు, నాలుగు చిన్న పెగ్గులు. రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినాయన క్వార్టర్ తాగినాయన కంటే ఎక్కువే తాగాడు, పైగా ఆయన్నే 'తాగుబోతు' అంటాడు. ఈ పది గ్రాములు దింపుకోవడానికి లివరుకు ఇంచుమించు గంట పడుతుంది. నిమ్మకాయ, మజ్జిగ, చన్నీళ్లు ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. రాత్రి గట్టిగా తాగి పొద్దున్నే ఆరింటికి బండి తీసేవాళ్లు దీన్ని కాస్త ఆలోచించాలి. చట్టం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములే అంటుంది. నేనెప్పుడూ దొరకలేదు, దొరకాల్సినవాణ్నే.

ఇప్పుడు అసలు ముఖ్యమైన సంగతి. దయచేసి ఫోన్లు పక్కన పెట్టండి.

మా సెక్షన్‌లో ఒక మిత్రుడుండేవాడు. పొద్దున లేవగానే ఒక నైంటీ పడితే గానీ చేతి వణుకు ఆగేది కాదు. ఇంట్లోవాళ్లు బతిమాలి ఆయనతో మాల వేయించారు. మొదటి రోజు బాగానే ఉన్నాడు. రెండో రోజు చెమటలు, వాంతులు. మూడో రాత్రి చాప మీద కూర్చుని, కట్టుకున్న నల్ల బట్టలోంచి దారాలు లాగుతున్నట్టు వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. గోడ మీద చీమల బారులంటాడు. తమ్ముణ్ని పట్టుకుని 'ఎవరు నువ్వు' అంటాడు. ఇంట్లోవాళ్లు స్వామి ఒంటి మీదికొచ్చాడనుకుని కర్పూరం వెలిగించారు. కింది వాటాలో ఒక నర్సమ్మ ఉండబట్టి సరిపోయింది. ఆమె వచ్చి చూసి, 'పూజ ఆపి ఆటో పిలవండి' అంది.

దాని పేరు డెలీరియం ట్రెమెన్స్. ఏళ్ల తరబడి మందు మెదడుకు బ్రేకు వేస్తూ ఉంటే, మెదడు ఆ బ్రేకు ఉన్నా నడవడానికి యాక్సిలరేటర్ నొక్కిపెట్టి ఉంచడం నేర్చుకుంటుంది. ఒక్కసారిగా బ్రేకు తీసేస్తే పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద నుంచి లారీ దిగినట్టే. వణుకు కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు ఈ మతి తప్పడం వస్తుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆస్పత్రిలో నరాలను శాంతపరిచే మాత్రలిచ్చి రోజూ కొంత తగ్గిస్తూ వస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. మా మిత్రుడు ఎనిమిదో రోజు ఇంటికొచ్చాడు. మాల వేసిన మొదటి రెండు రోజులు నాకూ చేతులు వణికేవి. తెల్లవారుజాము చన్నీళ్ల స్నానం వల్లనుకునేవాణ్ని!

కాబట్టి పొద్దున్నే తాగితే గానీ కుదరనివాళ్లు, ఒకసారైనా ఫిట్స్ వచ్చినవాళ్లు ఇంట్లో సొంతంగా ప్రయోగాలు చేయకండి. డాక్టరు దగ్గరికెళ్లండి. లివరు బాగా పాడై కామెర్లు, కడుపులో నీరు ఉన్నవాళ్లకు తగ్గించే మాటే లేదు, డాక్టరు చూస్తుండగా పూర్తిగా మానాల్సిందే. 'కల్లు కదా, చెట్టు మీది నీళ్లే కదా' అనేవాళ్లకు కూడా ఇదే మాట. మందు కలిపిన కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు ఉంటాయి. 2020లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం ఎలా వచ్చారో పేపర్లలో మీరంతా చదివే ఉంటారు.

ఆడవాళ్లకు ఒక మాట. ఆటోల వెనక, బస్టాండు గోడల మీద 'తెలియకుండా తాగుడు మాన్పిస్తాం' అని రాసి ఉంటుంది. ఆ పొడి చారులో కలపకండి. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, అది ఒంట్లో ఉండగా తాగిన మనిషికి బీపీ పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు. అది డాక్టరు రాసి, ఆ మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్ర.

ఇక నా సంగతి. డాక్టరమ్మ సున్నా చేయమంది, ఇప్పటికీ అదే అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో, ఇంత తాగితే ఏమీ కాదనే మోతాదే లేదని తేల్చి చెప్పింది. నేను అంత దూరం ఒకేసారి నడవలేనన్నాను. సరే, వారానికి 15 ఎంఎల్ చొప్పున తగ్గించండి, చేతులు వణికితే వెంటనే రండి అంది. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి 30 ఎంఎల్ కొలత కొన్నాను. ఒక పాత అకౌంట్ పుస్తకం తీసి తారీఖు, టైము, ఎంత అని మూడు గళ్లు గీశాను.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అన్నం. మొదట్లో ఏడున్నరకు గ్లాసు, పదిన్నరకు కంచం. దాన్ని తిరగేశాను. ఎనిమిదింటికే అన్నం, పప్పు, పెరుగుతో సహా. కడుపు నిండాక గ్లాసు మీద అంత ధ్యాస ఉండదు. రెండోది, ఇంట్లో ఫుల్ బాటిల్ ఉంచడం మానేశాను. చిన్న సీసా కొంటే ధర కాస్త ఎక్కువే పడుతుంది. కానీ అది అయిపోతే మళ్లీ చెప్పులేసుకుని వెళ్లాలి, మా మూడో అంతస్తుకు లిఫ్టు లేదు. ఏడున్నరకు వచ్చే ఆ లాగుడు మాత్రం మొదటి నెల చాలా గట్టిగా ఉండేది. గడియారం చూసుకునేవాణ్ని. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట ఉంటుంది. ఆ అరగంట మెట్లు దిగి కాలనీ చుట్టూ నడిచేవాణ్ని, కుడివైపు పోకుండా. కుడివైపు వైన్స్ ఉంది. దాని పక్క పర్మిట్ రూమ్‌లోంచి ఉడికిన గుడాల వాసన, పచ్చిమిర్చి, నిమ్మకాయ... ఇప్పుడు చెబుతున్నా నోట్లో నీళ్లూరుతున్నాయి. మందు కన్నా ఆ గుడాల మీదే నాకు మమకారం ఎక్కువని అప్పుడు తెలిసింది. మా ఆవిడ ఇంట్లో వండింది. బాగానే ఉన్నాయి, అవి కావు.

మూడో వారానికి రాత్రి మూడింటి మెలకువ పోయింది. పదేళ్లుగా అది షుగరు వల్లనుకున్నాను. మూడు నెలలకు లివరు పరీక్షలో, తాగుడుతో పెరిగే జీజీటీ అనే ఎంజైము 142 నుంచి 64కు దిగింది.

దావత్‌లు కష్టం. 'నువ్వు తాగకపోతే మాకు మజా రాదు తమ్మీ' అనే పెద్దమనుషులుంటారు. వాళ్లతో వాదించి లాభం లేదు. ఖాళీ చెయ్యి కనబడితే గ్లాసు పెడతారు కాబట్టి, ముందే సోడాలో నిమ్మకాయ పిండుకుని పట్టుకుని తిరగాలి. అదీ అన్నిసార్లూ పనిచేయదు. మా మేనల్లుడి పెళ్లిలో ఫంక్షన్ హాలు పైగదికి వెళ్లాను, ఊరికే పలకరిద్దామని. మర్నాడు పుస్తకంలో 240 అని రాయడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. రాయకుండా వదిలేస్తే పేజీ శుభ్రంగా ఉండేది. ఆ రోజు రాయకపోయి ఉంటే పుస్తకం అక్కడితో ఆగిపోయేదని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు వారానికి ఒక రోజు, 60. కొన్ని వారాలు అదీ ఉండదు.

సంకోచం ఉన్నవాళ్ల కోసం రెండు నంబర్లు బోర్డు మీద రాశాను. 14416 టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. 14446 మత్తు విడుపు హెల్ప్‌లైన్. రెండింటికీ ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ప్రశ్నలుంటే చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు. నా పుస్తకం వెనక వరుస నుంచి తిప్పుతున్నాను, చూడండి. చివరి పేజీలో ఈ నెల 9వ తారీఖు దగ్గర ఒక కొట్టివేత ఉంటుంది. ముందు 60 అని రాసి, తర్వాత 90 అని దిద్దాను. ఎందుకు దిద్దాల్సి వచ్చిందో మా ఆవిడను అడగండి, ముందు వరుసలోనే కూర్చుంది. టీ వచ్చినట్టుంది.