ఫాస్ట్ షట్టర్ పెడితే వెలుతురు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

[దృశ్యం: కెమెరా ముందు చెయ్యి ఊపుతున్న షాట్. తెర రెండు సగాలు: ఎడమ 1/50, కుడి 1/800]

వాయిస్: ఎడమవైపు చూడండి. వేళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మసకగా సాగుతున్నాయి. కుడివైపు ప్రతి వేలూ గోరుతో సహా విడిగా కనిపిస్తోంది. కాకపోతే ఆ చెయ్యి ఊగుతున్నట్టు లేదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతున్నట్టుంది. రెండూ సెకనుకి 24 ఫ్రేములే. తేడా అంతా షట్టర్‌ది, అంటే ఒక్కో ఫ్రేముకి సెన్సార్ వెలుతురు తీసుకునే సమయానిది: ఎడమవైపు సెకనులో 50వ వంతు, కుడివైపు 800వ వంతు.

24 ఫ్రేములకి మామూలు షట్టర్ 1/48, అంటే ఫ్రేము సమయంలో సగం. మొత్తం సమయాన్ని 360 డిగ్రీలుగా లెక్కేస్తారు కాబట్టి ఇది 180 డిగ్రీలు. చాలా కెమెరాల్లో ఆ అంకె ఉండదు కాబట్టి 1/50 పెట్టుకుంటాం. 1/100 దాదాపు 90 డిగ్రీలు, 1/200 దాదాపు 45. ఫైటు, పరుగు, ఎగిరే మట్టి, వాన చినుకులకి 1/200 బాగా పనికొస్తుంది. మాటల సీన్‌కి మాత్రం వద్దు. నటుడు తల తిప్పినా కంటికి చిరాకే. ఇక కెమెరా పాన్ చేశారా, అంటే పక్కకి తిప్పారా, వెనకున్న స్తంభాలూ కిటికీలూ దడదడమంటూ అదురుతాయి.

[తెర మీద: 1/50 → 1/100 → 1/200 = 2 స్టాప్‌లు తక్కువ]

1/50 నుంచి 1/200కి వెళ్తే సెన్సార్ మీద పడే వెలుతురు నాలుగో వంతే. వెలుతురు సగమైనా రెట్టింపైనా దాన్ని ఒక స్టాప్ అంటాం, ఇది రెండు స్టాప్‌లు. అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, ఎఫ్ 5.6లో ఉంటే ఎఫ్ 2.8కి తెరవొచ్చు (అంకె తగ్గితే రంధ్రం పెద్దది), కానీ అప్పుడు ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది, ఫైట్‌లో మనుషులు ముందుకీ వెనక్కీ కదులుతారు, ఫోకస్ జారిపోతుంది. బొమ్మ ప్రకాశాన్ని కెమెరాలోనే పెంచే ఐఎస్ఓని 400 నుంచి 1600 చేస్తే చిన్న కెమెరాల్లో నీడల్లో నాయిస్ (గింజల్లాంటి చుక్కలు) తేలుతుంది. అందుకని చెరో స్టాప్ పంచండి: ఎఫ్ 4, ఐఎస్ఓ 800. ఖర్చు లేని దారి ఇంకోటుంది. లైట్‌ని నటుడికి సగం దూరానికి జరపండి. చిన్న లైటైతే ఆ రెండు స్టాప్‌లూ దాదాపుగా తిరిగొస్తాయి. అయితే నటుడు ఒక అడుగు అటూ ఇటూ వేసినా ముఖం మీద వెలుతురు బాగా మారుతుంది, రిహార్సల్‌లోనే చూసుకోండి.

[దృశ్యం: మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఇద్దరు మాట్లాడుకుంటున్న షాట్]

ఎండలో కథ తిరగబడుతుంది. ఐఎస్ఓ 100, ఎఫ్ 16 దగ్గర షట్టర్ సుమారు 1/100 వస్తుంది. వెనక మసకగా కావాలని ఎఫ్ 2.8 పెట్టారనుకోండి, ఐదు స్టాప్‌లు ఎక్కువ. ఆటోలో ఉన్న కెమెరా మారుమాట లేకుండా 1/3200కి ఎగబాకుతుంది. ఫోన్‌లైతే మరీనూ, చాలావాటిలో అపర్చర్ మూసే వీలే లేదు. ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉంటుంది, కదలిక మాత్రం చెడిపోతుంది. 1/3200ని 1/50కి దించాలంటే ఆరు స్టాప్‌లు, అంటే ఎన్‌డి 64 ఫిల్టర్, లెన్స్ ముందు పెట్టి వెలుతురుని 64వ వంతుకి తగ్గించే నల్లద్దం. లాగ్ ప్రొఫైల్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి చప్పగా రికార్డు చేసే సెట్టింగ్) కనీస ఐఎస్ఓ 800 అయితే ఇంకో మూడు స్టాప్‌లు కలపండి. తిప్పి నలుపు పెంచుకునే వేరియబుల్ ఎన్‌డిని వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఫ్రేములో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది, అంతదాకా వెళ్లకండి. ఫిల్టరే లేకపోతే సీన్‌ని నీడలోకి మార్చడం మేలు.

[దృశ్యం: ట్యూబ్‌లైట్ కింద షాట్, తెర మీద అడ్డంగా పాకుతున్న నల్ల చారలు]

లోపల తీసేటప్పుడు ఇదీ చూసుకోవాలి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/50, 1/100 దగ్గర ఇబ్బంది లేదు. 1/200 పెట్టగానే చారలు వస్తాయి, ఎందుకంటే ఆ సమయం ఒక మినుకు కన్నా తక్కువ, పైగా సెన్సార్ ఫ్రేముని ఒక్కో వరసగా చదువుతుంది. 60 హెర్ట్జ్ అయితే 1/60, 1/120 పెట్టుకోవాలి. ఈ చారలు ఎడిటింగ్‌లో సులువుగా పోవు. ఫ్రేములో పడే ప్రతి లైటునీ తీయబోయే షట్టర్‌లోనే పది సెకన్లు రికార్డు చేసి పెద్ద తెర మీద చూడండి. డిమ్ చేసిన ఎల్ఈడీలే ఎక్కువగా మోసం చేస్తాయి. వాటిని పూర్తిగా వెలిగించి, వెలుతురు ఎక్కువైతే ముందు గుడ్డ కట్టండి. ఫిలమెంట్ బల్బులతో ఈ బాధ చాలా తక్కువ.

చేత్తో పట్టుకుని తీసి, వణుకుని సాఫ్ట్‌వేర్‌లో తీసేద్దామనుకుంటే అక్కడా కాస్త వేగం పెంచండి. 1/50లో తీస్తే ఫ్రేము నిలబడినా, కుదుపుకి పడ్డ మసక అలాగే ఉండి బొమ్మ ఉన్నట్టుండి కరిగినట్టు కనిపిస్తుంది. అలాంటి షాట్‌కి 1/100 చాలు.